నేలబారు కారు – బెత్తెడు జాకీ

కారు ఎంత పొట్టిదైతే అంత గొప్పదనే సంగతి నాకు డెబ్బయ్యో యేట గాని తెలిసిరాలేదు.

నేను బస్సు డిపో మనిషిని. 1977లో హెల్పరుగా చేరాను, 2012లో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. ఆ ముప్ఫయ్యయిదేళ్ళూ నా కాపురం తనతో కాదనీ, బస్సుల కిందనే గడిచిందనీ మా ఆవిడ అంటూంటుంది. అందులో అబద్ధం లేదు. బస్సు కింద చోటుకేం కొరత? వంగి దూరితే దూరినట్టే. చాప పరుచుకుంటే కునుకు కూడా తీయవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నాలు అలా తీసినవారూ ఉన్నారు. వాళ్ళ పేర్లు ఇప్పుడెందుకు లెండి.

మా జాకీ కూడా అందుకు తగినట్టే ఉండేది. జానెడెత్తున లావుపాటి సీసాలా నిటారుగా కూర్చునేది. ఇరుసు కింద పెట్టి కడ్డీ ఆడిస్తూంటే బస్సు కొంచెం కొంచెంగా లేచేది. దాన్ని ఎన్నుకోవడమంటూ ఏముంది? స్టోర్సువాడు ఏది చేతికిస్తే అదే జాకీ. ఎన్ని టన్నులు ఎత్తుతుంది, ఆయిలు కారుతోందా లేదా – ఈ రెండే ప్రశ్నలు. ఇంతకు మించి జాకీ విషయంలో ఆలోచించవలసి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మా అమ్మాయీ అల్లుడుగారూ అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో, డాలస్ పక్కనున్న ప్లేనోలో ఉంటారు. 2023 నవంబరులో మేమిద్దరం అక్కడికి వెళ్ళాం. వాళ్ళ షెడ్డులో రెండు కార్లు. ఒకటి సంసారపక్షంగా ఉంది. పిల్లవాడూ, వాడి పుస్తకాల సంచీ, బియ్యం బస్తా, మేమూ అందరం పడతాం. రెండోది అల్లుడుగారి ముద్దుల కారు. 1999 మోడలు మాజ్డా మియాటా. రెండే సీట్లు. టాపు వెనక్కి మడిస్తే ఆకాశమే కప్పు. అందులో కూర్చోవడానికి మనిషి ముందు కుంగి, తర్వాత కాళ్ళు చాపి, ఆపైన భగవంతుణ్ణి తలచుకోవాలి. లేవడం సంగతి అడగకండి.

అయినా కారును తక్కువ చేసి మాట్లాడను. 1989 ఫిబ్రవరిలో షికాగో కార్ల ప్రదర్శనలో మొదటిసారి జనం ముందుకు వచ్చిన జాతి అది. 2016 ఏప్రిల్‌కు ఫ్యాక్టరీలో తయారైనవి పది లక్షలు దాటాయి. వెయ్యి కిలోలకు కాస్త పైన బరువు. ఇంత తేలిక బండి అంత ఒద్దికగా మలుపు తిరగడం చూసి, ఎన్నో బస్సుల స్టీరింగులు సరిచేసిన చేతులు నావి, ముచ్చటపడ్డాను. వచ్చిన చిక్కల్లా దాని కడుపు నేలకు ఆనుకుని ఉండటమే. సహజంగానే నేలబారు కారు. అది చాలదన్నట్టు దాన్ని అంతకు ముందు ఏలినవాడెవడో పొట్టి స్ప్రింగులు వేయించి మరింత కిందికి దించాడట. టేపు పెట్టి కొలిచాను. ముందు అంచు నేలకు 4 అంగుళాలు. తలుపుల కిందుగా పోయే రేకు అంచు నాలుగున్నర. అంటే మన లెక్కలో బెత్తెడు మీద ఒకటో రెండో వేళ్ళు.

ఈ కారుకు ఆయిలు మార్చడం అల్లుడుగారికి ఆదివారంనాటి వినోదం. ఆ యింజనులో ఆయిల్ ఫిల్టరు గాలిగొట్టాల కింద నక్కి కూర్చుంటుంది. పైనుంచి చేయి పెడితే చేయి చాలదు. కింద పడుకుని చేయి పైకి పెడితే అందుతుంది. కాబట్టి కారు ఎత్తాలి, కిందికి దూరాలి.

ఒక ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకుని షెడ్డు వైపు వెళ్ళానా, కారు కింద నుంచి రెండు కాళ్ళు బయటికి ఉన్నాయి. కారును మోస్తున్నది ఏమిటా అని వంగి చూశాను. డిక్కీలో కారుతోపాటు వచ్చే మడత జాకీ! దారిలో పంచరు పడితే చక్రం మార్చుకునేందుకు ఇచ్చే బొమ్మ అది. దాని మరలో ఒక్క సన్నటి కడ్డీ, కింద అరచెయ్యంత పాదం. దానిమీద కారు, కారు కింద మా అమ్మాయి పసుపుకుంకాలు.

నా చేతిలో కాఫీ చల్లారిపోయింది.

పాఠకులు నన్ను పిరికివాడనుకోకుండా ఒక సంగతి చెప్పాలి. 1983 వానాకాలం, రాత్రి షిఫ్టు. ఒక బస్సు వెనక ఇరుసు జాకీ మీద ఉంది. నేలంతా గ్రీజు, దానిమీద వాననీళ్ళు. కొత్తగా చేరిన హెల్పరు, ఇరవై యేళ్ళు కూడా నిండని కుర్రాడు, కిందపడ్డ బోల్టు కోసం దూరాడు. మా ముసలి మేస్త్రీ ఎప్పటి అలవాటు చొప్పున పాత రైలు స్లీపరు దుంగ ఒకటి తెచ్చి ఇరుసు కిందికి తోస్తున్నాడు. తోసి చెయ్యి తీశాడో లేదో, జాకీ పాదం జారింది. బస్సు కూలబడింది. ఆ చప్పుడు నాకిప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. దుంగమీద ఇరుసు ఆగింది. ఇరుసుకూ ఆ కుర్రాడి రొమ్ముకూ మధ్య మిగిలింది సరిగ్గా బెత్తెడు. మేస్త్రీ వాణ్ణి కాళ్ళు పట్టి బయటికి లాగి, రెండు తగిలించి, “జాకీ ఎత్తడానికిరా, మొయ్యడానికి దుంగ!” అని, బీడీ ముట్టించుకోబోతే చేతులు వణికి అగ్గిపుల్ల వెలగలేదు.

మేస్త్రీ హెల్పరును కొట్టగలిగాడు. నేను అల్లుణ్ణి ఏమనగలను? ఇదీ చిక్కు. మా యిళ్ళల్లో అల్లుడుగారిని “మీరు” అనే పిలుస్తాం. ఆయన నాకు మాట ఎదురు చెప్పరు, నేను ఆయనకు పని చెప్పను. పదకొండేళ్ళుగా ఈ మర్యాద నడుస్తోంది. “అల్లుడుగారూ, కాస్త బయటికి వస్తారా, కాఫీ ఇచ్చింది అమ్మాయి” అని మాత్రం అన్నాను. ఆయన వచ్చారు. నా కాఫీ ఇచ్చేశాను. చల్లారిన కాఫీ ఏమీ అనకుండా తాగారు పాపం.

ఆ రాత్రి మా ఆవిడతో చెప్పాను. “పండగ దగ్గరకొస్తోంది, అల్లుడికి పాఠాలు చెప్పకండి” అంది. అని, ఒక్క క్షణం ఆగి, “పండగకి ఏదో ఒకటి పెట్టాలిగా. ఆ జాకీయేదో మీరే కొనిపెట్టండి. పెట్టినవాళ్ళం గనక వాడే విధానం చెప్పినా తప్పులేదు” అంది. ముప్ఫయ్యయిదేళ్ళు బస్సుల కింద గడిపానని దెప్పే మనిషి బుర్ర ఎంత చురుకైనదో చూశారా!

ఇక జాకీ వేట మొదలైంది. అమెరికాలో దీనికి వాడేది చక్రాల జాకీ. పొడుగాటి ఇనపబండి, ఒక కొసన కారును మోసే పళ్ళెం, రెండో కొసన చేయెత్తు హేండిలు. లోపలి కిటుకు మన సీసా జాకీదే. సన్నటి పిచికారీతో ఆయిలును నొక్కితే ఆ ఒత్తిడి లావుపాటి పిచికారీని తోస్తుంది. ఈ సూత్రం ఫ్రాన్సు దేశపు పాస్కల్‌ది, 17వ శతాబ్దిది. దాన్ని యంత్రంగా మార్చి 1795లో పేటెంటు పుచ్చుకున్నది ఇంగ్లండువాడు బ్రామా. అన్నీ బాగానే ఉన్నాయి గాని, ఎత్తిన బరువు ఎత్తినట్టు నిలవాలంటే లోపలున్న రబ్బరు వలయాలు, చిన్న గోళీలాంటి కవాటం దారి మూసి ఉంచాలి. రూపాయి బిళ్ళంత రబ్బరు అరిగిందంటే కారు మెల్లిగా దిగుతుంది. తెగిందంటే మెల్లిగా కూడా దిగదు.

మామూలు చక్రాల జాకీ పళ్ళెం, పూర్తిగా దించినా, నేలకు 5 అంగుళాలకు తక్కువ ఉండదు. అల్లుడుగారి దగ్గర అలాంటిదీ ఒకటి మూలపడి ఉంది. నాలుగంగుళాల సందులో అయిదంగుళాల జాకీ ఎలా దూరుతుంది? అందుకని ఆయన ముందు చక్రాలను చెక్కలమీదికి ఎక్కించి చూశారట. అమెరికాలో “రెండంగుళాల చెక్క” అని అమ్మేది కొలిస్తే ఒకటిన్నరే ఉంటుంది. నున్నగా చిత్రిక పట్టాక మిగిలేది అంతేనని లోకమంతా ఒప్పుకుని కొంటోంది. మన ఊళ్ళో ఎవడైనా శేరుకు ముప్పావు కొలిస్తే ఊరుకుంటామా? సరే, ఆ ఒకటిన్నరతో జాకీ ముక్కు దూరిందిగాని నడుము దూరలేదు. విసుగుపుట్టి మడత జాకీకి దిగారు.

ఈ “నడుము” సంగతే నేను దుకాణానికి పోకముందే పట్టుకోవలసి వచ్చింది. డబ్బామీద “కనిష్ఠం మూడున్నర అంగుళాలు” అని రాసి ఉంటుంది. అది పళ్ళెం ఎత్తు. పళ్ళెం వెనకాల జాకీ ఒళ్ళు క్రమంగా లేస్తుంది. ఆయిలు పొట్ట దగ్గర ఆరు అంగుళాలు కూడా ఉండవచ్చు. పక్కనుంచి రేకు అంచు కింద పెట్టేవాడికి దీనితో పనిలేదు. కాని ముందువైపు ఒకేసారి లేపాలంటే, ఈ కారుకు కంపెనీవాళ్ళు చెప్పిన చోటు ముందు చక్రాల మధ్య ఉన్న అడ్డదూలం. వెనకవైపయితే డిఫరెన్షియల్. కారు ముక్కు అంచు నుంచి ఆ దూలం దాకా కొలిస్తే మూరన్నర ఉంది. అంటే జాకీ మూరన్నర దూరం బెత్తెడు సందులో పాకాలి, అక్కడికి చేరాక కూడా హేండిలు ఆడటానికి బయట చోటుండాలి. హేండిలు వాల్చినప్పుడల్లా కారు ముక్కుకు తగిలితే రంగు పోతుంది, అల్లుడుగారి ముఖంలో రంగు కూడా పోతుంది.

మా మనవడి బూట్ల డబ్బా, ఇంకో రెండు అట్టపెట్టెలు కోసి ఒక ద్వారం చేశాను. నాలుగంగుళాల ఎత్తు, మూరన్నర పొడుగు. లోపలి కొసన సున్నా గీసి “ఇక్కడ పళ్ళెం” అని రాశాను. దాన్ని చంకన పెట్టుకుని, మా అమ్మాయి కారు నడపగా, మనవడు దుబాసీగా, పనిముట్ల దుకాణానికి వెళ్ళాం.

దుకాణంలో జాకీలు వరసగా నేలమీదే పెట్టి ఉన్నాయి. అక్కడి కుర్రాడు ఎంతో మర్యాదగా మమ్మల్ని మూడు టన్నుల జాకీ దగ్గరికి తీసుకుపోయాడు. అతని వాదమంతా టన్నుల మీదే. నేను మనవడిచేత చెప్పించాను: “మా కారు మొత్తం ఒక టన్ను. ఎత్తేది ఒక కొస. సగం బరువు. టన్నులు నాకు చాలానే ఉన్నాయి, అంగుళాలు చూపించు.” ఆ కుర్రాడు నా అట్టద్వారం కేసి, నా కేసి చూసి, ఇంకెవరినో కూడా పిలుచుకొచ్చాడు. ఇద్దరూ నవ్వారు గాని తర్వాత వాళ్ళే మోకాళ్ళమీద కూర్చుని ఒక్కొక్క జాకీనే ద్వారంలోకి తోయడం మొదలుపెట్టారు.

మొదట వచ్చింది అల్యూమినియంది. ఒకటిన్నర టన్ను, పదిహేను కిలోల బరువు. బొమ్మలా ఉంది. ముక్కు చక్కగా దూరింది. నడుము దగ్గర అట్ట లేచింది. పైగా అది పూర్తిగా లేస్తే పదమూడు అంగుళాల చిల్లర. కారును జాకీమీద వదిలేయదలచుకోలేదు గదా, పక్కల స్టాండ్లు పెట్టాలి. స్టాండు ఎంత దించినా పదకొండు అంగుళాలు ఉంటుంది. పక్క రేకు అంచు పదకొండు దాటాలంటే ముందు దూలం ఇంకా పైకి, పద్నాలుగు పదిహేను దాకా పోవాలి. ఎందుకంటే వెనక చక్రాలు నేలమీదే ఉండగా, వెనక్కి వస్తున్నకొద్దీ లేచే ఎత్తు తగ్గుతుంది. పదమూడు దగ్గర ఆయాసపడి ఆగిపోయే జాకీతో కారు లేస్తుందిగాని స్టాండు దూరదు. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? “రెండు నిమిషాల పనేగా” అని జాకీ నమ్ముకుని దూరతాడు. తక్కువ ఎత్తు జాకీ కొనేవాళ్ళు ఎంత కిందికి దిగుతుందో చూసినంత శ్రద్ధగా ఎంత పైకి పోతుందో చూడకపోవడానికి ఫలితం ఇదే.

బెత్తెడులో దూరాలి, మూరెడు లేవాలి. అలాంటిది నాలుగోదిగా దొరికింది. ఉక్కుది. పొడుగాటి ఒళ్ళు, సన్నటి నడుము, కిందికి మూడంగుళాలకు తక్కువ, పైకి పద్దెనిమిది దాటి. అట్టద్వారంలోంచి అట్టకు తగలకుండా సున్నా దాకా పాము పుట్టలోకి పోయినట్టు పోయింది. మనవడు చప్పట్లు కొట్టాడు. మొదటి కొన్ని పంపులకే పళ్ళెం కారును తాకేలా లేచే ఏర్పాటు కూడా ఉంది. ఇరుకు చోట హేండిలు కొంచెమే ఆడుతుంది గనక అది విలాసం కాదు, అవసరం. బరువు మాత్రం నలభై కిలోల పైన. “ఇది ఎవరు మోస్తారు నాన్నా?” అంది అమ్మాయి. చక్రాలున్నాయి, షెడ్డు దాటి ఎక్కడికీ పోదు, మోసే పనిలేదన్నాను. కారులో వేసుకుని ఊళ్ళు తిరిగేవాడికైతే అల్యూమినియందే చెప్పేవాణ్ణి.

స్టాండ్ల దగ్గర ఇంకో అరగంట. 2020లో ఆ దేశంలో ఒక పెద్ద పనిముట్ల దుకాణాలవాళ్ళు తాము అమ్మిన స్టాండ్లను లక్షలకొద్దీ వెనక్కి పిలిపించుకున్నారు. పళ్ళ కడ్డీలో గొళ్ళెం సరిగా కూర్చోక బరువు కింద జారవచ్చునట. బదులిచ్చిన వాటిలో కొన్నింటికి అతుకు లోపమని మళ్ళీ పిలిచారు. కాబట్టి గొళ్ళెంతోపాటు అడ్డంగా దూర్చే ఇనప శీల కూడా ఉన్నవి ఏరి రెండు తీసుకున్నాను. చక్రాల అడ్డుచెక్కలు ఒక జత. రేకు అంచు వంగకుండా స్టాండు మీద, పళ్ళెం మీద పెట్టే గాడి రబ్బర్లు మూడు. అక్కడివాళ్ళు ఇందుకు ఐసు హాకీ ఆడే నల్ల రబ్బరు బిళ్ళకు గాడి కోసి వాడుకుంటారట. అది అంగుళం మందం. పళ్ళెం మీద పెడితే జాకీ కూడా అంగుళం పొడుగైపోతుందన్న సంగతి కొనేటప్పుడే లెక్కేయాలి. పంచరైన చక్రం మీద కారు ఇంకా కుంగుతుందన్నదీ అంతే. నేను మూడంగుళాల లోపు జాకీ పట్టుబట్టింది ఇందుకే.

2024 సంక్రాంతినాడు జాకీకి పసుపూ కుంకుమా పెట్టి, హేండిలుకు ఎర్ర రిబ్బను కట్టి, పట్టుపంచె పక్కన పెట్టాం. అల్లుడుగారు పంచె కేసి చూడలేదు. “మావయ్యగారూ, ఇది నిజంగా దూరుతుందా?” అని రిబ్బను విప్పకుండానే షెడ్డులోకి దొర్లించుకుపోయారు. నాకు కావలసిందీ అదే.

“పెట్టినవాణ్ణి గనక ఒక్క రెండు మాటలు” అని మొదలుపెట్టి ఇరవై చెప్పాను. ముందు నేల ఊడిపించాను. జాకీ చెయ్యి గుండ్రంగా లేస్తుంది, తిన్నగా లేవదు. కారు లేచేకొద్దీ జాకీ చక్రాలమీద కొంచెం జరగాలి. ఒక గులకరాయి అడ్డుపడి చక్రం ఆగిందంటే పళ్ళెమే జారుతుంది. ముందు ఎత్తేటప్పుడు వెనక చక్రాలకు అడ్డుచెక్కలు, హేండ్‌బ్రేకు. వెనక ఎత్తేటప్పుడు హేండ్‌బ్రేకు నమ్మవద్దు. అది పట్టేది వెనక చక్రాలనే, అవి గాలిలో ఉంటాయి. అప్పుడు అడ్డుచెక్కలు ముందుకు రావాలి. స్టాండ్లు పెట్టి, శీలలు దూర్చి, జాకీని తగుమాత్రం వదిలి, కారును భుజంతో గట్టిగా తోసి చూడమన్నాను. ఇప్పుడు పడితే కారే పడుతుంది. దానికి రేకులు దొరుకుతాయి.

ఆయన అన్నీ విన్నారు. తోశారు. కారు కదలలేదు. కిందికి దూరబోతూంటే, “ఒక్క నిమిషం” అని, విప్పి పక్కన పెట్టిన చక్రాన్ని నేనే దొర్లించి రేకు అంచు కింద పడుకోబెట్టాను. ఆయనకు ఆశ్చర్యం వేసింది.

“స్టాండ్లున్నాయి, జాకీ ఉంది. ఇంకా ఇదెందుకు మావయ్యగారూ?”

“దుంగ,” అన్నాను.

అప్పుడు చెప్పాను 1983 సంగతి. ఆ కుర్రాడికి ఎన్నేళ్ళుంటాయని అడిగారు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆ మడత జాకీని డిక్కీలో దాని చోట బిగించి వచ్చి, వీపుమీద పడుకుని కారు కిందికి జరిగారు. ఫిల్టరు వదిలిందాకా నేను అక్కడే స్టూలు వేసుకు కూర్చున్నాను. ఆయన అడిగిన పానా అందిస్తూ, మామా అల్లుళ్ళం పదకొండేళ్ళలో మాట్లాడుకోనన్ని మాటలు ఆ పూట మాట్లాడుకున్నాం. ఒకరి ముఖం ఒకరికి కనబడకపోవడం కూడా కొంత కారణం కావచ్చు.

మేం తిరిగి వచ్చే ముందు వారం మనవడు పరుగెత్తుకొచ్చాడు. ఎదురింటాయన దగ్గర కార్వెట్టు ఉంది. అది ఇంకా నేలబారు.

“తాతయ్యా, ఆయన మన జాకీ ఒకసారి ఇమ్మంటున్నాడు!”

“జాకీ తర్వాత. ముందు ఆ అట్ట పట్టుకెళ్ళి, దూరుతుందేమో చూసి రమ్మను” అన్నాను.